కొమ్ము తీసిన మాట

కోడలు తిప్పమ్మ కాపురానికి వచ్చిన మూడోనాడు ఒక మాట అన్నది. ఆ మాటకు రామాంజినమ్మ నవ్విన నవ్వు గోడ దాటి వీధిలోకి పోయింది.

పొద్దున్నే చేనిగట్టుకు పోయి ఒడినిండా చెంచలాకు, దొగ్గలాకు గిల్లుకొచ్చింది ఆ పిల్ల. అత్తను మెప్పించాలన్న ఆశంతా మొహంలో పెట్టుకుని వాకిట్లో నిలబడి అడిగింది.

"అత్తా, సొప్పు తెచ్చినా. పప్పులోకి వేసేదా, ఉత్తదే ఎనిపేదా?"

"సొప్ప పప్పులోకి వేసేదేంది మే! కొట్టంలో ఎద్దులుండాయి చూడు, వాటికి వెయ్యి పో."

తిప్పమ్మది గుమ్మఘట్ట దగ్గర పల్లె. అక్కడ నోట్లో సగం తెలుగు, సగం కన్నడం. ఆకుకూరను వాళ్ళు సొప్పు అంటారు. బత్తలపల్లెకు మూడు మైళ్ళలో ఉన్న ఈ పల్లెలో సొప్ప అంటే జొన్నకంకులు కోసుకున్నాక మిగిలే ఎండుదంట్లు. ఎద్దుల మేత. తాను అన్నదేమిటో, వాళ్ళు విన్నదేమిటో తెలియక ఆ పిల్ల ఒడి పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

మూడో తరగతి దాకా చదివిన ఎర్రన్న పెళ్ళాన్ని వెనకేసుకొచ్చాడు. "అంత నవ్వేదేముందమ్మా? మనం ఉత్త ప అంటాం. వాళ్ళు ప కు ఒక కొమ్ము పెడతారు. అంతే తేడా."

"కొమ్ములు ఎద్దులకుంటే చాలు నాయనా. మాటలకేంటికి?"

ఈ ముచ్చట రామాంజినమ్మే ఊరంతా చెప్పింది. బావికాడ చెప్పింది, కళ్ళంకాడ చెప్పింది. పక్కింటి దూదేకుల హుస్సేన్ బాషా భుజాన దూది ఏకే విల్లు వేసుకుని పోతూ పోతూ, "ఏమక్కా, మీ ఇంట్లో మనుషులు గూడా సొప్ప మేస్తాండారంటనే?" అని ఆటపట్టించేవాడు. ఆడవాళ్ళు ఆ పిల్లకు సొప్ప తిప్పమ్మ అని పేరే పెట్టారు. మొదట్లో తిప్పమ్మ కూడా నవ్వేది. ఒకనాడు నవ్వడం మానేసింది. రామాంజినమ్మ అది చూసింది. చూసి, జాలి పడవలసిన చోట కోపం తెచ్చుకుంది.

"ఈ ఇంట్లో ఇంక ఆ మాట వద్దు. ఆకు అను. నోరు తిరగదా?"

"తిరుగుతాది అత్తా."

ఆ రోజు నుంచి తిప్పమ్మ నోట ఆ మాట మళ్ళీ రాలేదు.

రామాంజినమ్మ చెడ్డది కాదు, భయస్తురాలు. మొగుడు శ్రీరంగప్ప ఒక ఏడు బుక్కరాయసముద్రానికి బండి కట్టుకుని పోతూ, తొందరలో "పోతాండా" అన్నాడు. పోయొస్తా అనలేదు. అక్కడే జ్వరం తగిలి పోయాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో గడప దాటేవాళ్ళెవరైనా పోయొస్తా అనాల్సిందే. కొడుకు చేనికి పోయినా అనాలి, వంకకు పోయినా అనాలి. మరిచిపోతే వెనక్కి పిలిపించి అనిపించేది. ఆమెకు మిగిలింది ఎర్రన్న ఒక్కడే. వాడు పొద్దుగూకి ఇంటికొచ్చేదాకా ఆమె చెవి వీధిలోనే ఉండేది.

పందొమ్మిది వందల యాభై రెండు వచ్చేటప్పటికి వాన మొహం చూడక మూడేళ్ళయింది. బావుల్లో రాయి తేలింది. జొన్నలు అయిపోయాయి, కొర్రలు అయిపోయాయి, విత్తనానికని దాచిన శనక్కాయలు కూడా ఒకనాడు పొయ్యిమీద పెనంలోకి పోయాయి. సర్కారు గంజి కేంద్రం పెట్టింది. సట్టి పట్టుకుని ఆ వరుసలో నిలబడడం కన్నా చావడం మేలని రామాంజినమ్మ పంతం. ఇక మిగిలింది ఆకు. ఆకు సంగతి తెలిసింది కోడలికి.

వంకలో ఇసుక తోడి తీసిన చెలమ ఒక్కటే ఊరికంతా నీళ్ళు. ఆ చెలమ చుట్టూ కారిన తడికి నాలుగు మొక్కలు బతికేవి. చెంచలాకు, గురుగాకు ముందుగానే ఎవరెవరో గిల్లుకుపోయేవాళ్ళు. ఎవరూ ముట్టనిది తుమ్మికూర. తెల్లని చిన్న పూలు పూస్తుంది. పూలను దేవుడికి పెడతారు గానీ, ఆకు చేదు. తిప్పమ్మ దాన్నే ఒడి నింపుకుని వచ్చేది. పూలు ఏరి పక్కన పెట్టేది, కాడలు తీసేసి ఆకు దూసేది, సట్టిలో నీళ్ళు పోసి ఉడకబెట్టేది. ఆ నీళ్ళు వంచేసి, మళ్ళీ కొంచెం నీళ్ళు పోసి ఉడికించి, అవి కూడా వంచేసి, రెండు చేతులతో గట్టిగా పిండి, చింతపండు, ఎండుమిరపకాయ, ఉప్పుగల్లు వేసి మెత్తగా ఎనిపేది.

మొదటిసారి ఆమె నీళ్ళు వంచడం చూసి రామాంజినమ్మ గుండె బాదుకుంది. "ఒక బిందె నీళ్ళకు పూటంతా కూసోవాల చెలమకాడ! పారబోస్తావా? నీకు కళ్ళుండాయా?"

"మొదటి నీళ్ళల్లోనే చేదంతా ఉంటాదత్తా."

"చేదుకు చస్తామా? నీళ్ళకు చస్తాం గానీ."

మర్నాడు తానే వండింది. ఒక్క చుక్క కూడా వంచలేదు. ఎర్రన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "అమ్మా, ఇది కూరనా, కషాయమా? అదెట్ల చేస్తాందో అట్లనే చెయ్యనీ." తిప్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రామాంజినమ్మ తన కంచంలోది తానే తుడిచిపెట్టి తిన్నది. సాయంత్రం దాకా నాలుక చేదు పోలేదు.

తరువాత ఒక ఒప్పందానికి వచ్చారు. వంచిన నీళ్ళు పారబోయకుండా ఎద్దుల ముందర పెట్టాలని. కర్రోడు ముట్టె ఆనించి చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. బూదోడు అసలు చూడనే లేదు. "మా ఎద్దులకే ఇంత పౌరుషముండాది," అని రామాంజినమ్మ ఆ నీళ్ళను వాకిట్లో చల్లుకుంది.

ఆ రెండు ఎద్దులే ఆ ఇంటికి ప్రాణం. కొట్టం మీది బోదగడ్డి పీకి పీకి వాటికి మేత వేశారు. ఒక పక్క కప్పు అంతా పోయి ఆకాశం కనబడేది. ఎర్రన్న వాటి పక్కటెముకల మీద చెయ్యి వేసి నిలబడి ఒకరోజు అన్నాడు. "ఇవి పోతే నేను ఈడ ఉండి ఏం చేసేది? హోస్పేట దిక్కు డ్యాము కాడ కూలి ఉండాదంట. పోతా."

పోతా అన్నాడు. రామాంజినమ్మకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎద్దులు బతికితే కొడుకు ఉంటాడు. ఆమె లెక్క అంత చిన్నది.

ఉగాది పోయి మూడు వారాలైంది. హుస్సేన్ బాషా పరుపులు కుట్టే పనికని రాయదుర్గం దిక్కు పోయి, ఇంటికి కూడా పోకుండా నేరుగా రామాంజినమ్మ వాకిట్లో విల్లు దించాడు. తిప్పమ్మ అప్పుడు చెలమకాడ ఉంది. ఎర్రన్న కొట్టంలో ఉన్నాడు.

"అక్కా, మీ కోడలి పుట్టింటికాడ దిగినా. అందరూ బాగుండారు. ఆడ పది దినాల కింద ముంగారు తొలివాన ఒకటి ముందుగానే గట్టిగా పడిందంట. సొప్పుకేం కొదవలేదు, వచ్చేదైతే రండి అని చెప్పమన్నారు."

"సొప్పుకా?" అంది రామాంజినమ్మ.

"ఊఁ. ఎటు చూసినా అదే. పచ్చగా." అతను నుదురు తుడుచుకుని, విల్లు భుజానికెత్తుకుని, పెళ్ళాం ఎదురుచూస్తుంటుందని తన ఇంట్లోకి పోయాడు.

రామాంజినమ్మ సరిగానే విన్నది. ప కు కొమ్ము ఉంది. ఒక్క రెప్పపాటు ఆమె కళ్ళముందర మోకాలెత్తు ఆకు, గట్టు మీద వంగి గిల్లుకుంటున్న వియ్యంకురాలు మెదిలారు. అదే క్షణాన కొట్టంలో కర్రోడు లేవబోయి ముందుకాళ్ళు జారి మోకాళ్ళ మీద పడిన చప్పుడైంది. "లే నాయనా, లే," అంటున్నాడు ఎర్రన్న. వాడి గొంతులో ఏడుపుంది. రామాంజినమ్మ ఆ గొంతు విని పరుగెత్తింది. వాకిలి నుంచి కొట్టం దాకా ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగుల్లో మాటకున్న కొమ్ము ఎక్కడో రాలిపోయింది.

"ఒరే ఎర్రన్నా! మీ మామోళ్ళ ఊర్లో సొప్ప ఉండాదంటరా! కొదవే లేదంట. తోలుకొచ్చేదైతే రమ్మన్నారంట!"

తోలుకొచ్చేది అనే మాట హుస్సేన్ బాషా అనలేదు. అది ఆమె నోట్లోనే పుట్టింది.

తిప్పమ్మ నీళ్ళబిందె దించేటప్పటికి ఎర్రన్న పలుపులు వెతుకుతున్నాడు. సంగతి విని ఆమె మెల్లగా అడిగింది.

"సొప్ప అన్నాడా అత్తా, లేకుంటే..." అని ఆగింది. మూడేళ్ళకు పైగా నోట రానివ్వని మాట. గొంతు దగ్గరికొచ్చి అక్కడే నిలబడిపోయింది.

"లేకుంటే ఏంది? నా చెవులు బాగనే ఉండాయి."

"వాన పడిన పది దినాలకు సొప్ప యాడనుంచి వస్తాది? మా నాయనకు గడ్డివామి గూడా లేదు కదా."

"ఎవరో ఒకరి పాత వామి ఉంటాదిలే," అన్నాడు ఎర్రన్న. అనుకోవాలన్న ఆశ అతనిలో కూడా ఉంది.

"పోనీ ఉసేనన్నను ఒకసారి..."

"ఏమ్మే!" రామాంజినమ్మ గొంతు లేచింది. "మీ పుట్టింటి సొప్ప మా ఎద్దులు తింటాయనా నీ ఏడుపు?"

తిప్పమ్మ తల వంచుకుని పొయ్యికాడికి పోయింది. పొయ్యి ముందర కూర్చుని ఆకు దూస్తున్న కోడలి వీపును చూస్తూ రామాంజినమ్మ, ఈ పిల్ల లేచి గోడవతలికి పోయి అడిగితే ఎట్లా అని భయపడింది. ఆ భయం ఎందుకు కలిగిందో తనను తాను అడగలేదు.

తెల్లారకముందే ఎర్రన్న ఎద్దులను తోలుకుని బయలుదేరాడు. తిప్పమ్మ సద్దిమూట కట్టిచ్చింది. అప్పు తెచ్చిన రాగిపిండితో సంగటి రెండు ముద్దలు, పిండిన తుమ్మికూర. "పోయొస్తామ్మా," అన్నాడు మరిచిపోకుండా. బూదోడు వీధి మలుపులో ఒకసారి ఆగి వెనక్కి చూశాడు. రామాంజినమ్మ దాన్ని కూడా మంచి శకునమనే అనుకుంది.

పందొమ్మిదో నాటి మధ్యాహ్నం ఎర్రన్న ఒక్కడే వచ్చాడు. భుజం మీద రెండు పలుపులు ఉన్నాయి.

నీళ్ళు తాగి, గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు. "బూదోడు కళ్యాణదుర్గం దాటలేదు. దోవ పక్కన పండుకున్నాడు, ఇంక లేవలేదు. కర్రోడు చేరినాడు. మామ ఎదురొచ్చి, ఎద్దును ఏంటికి తోలుకొచ్చినావు నాయనా, గింజల్లేక మేమే సొప్పు తింటాండాం, ఒక పది దినాలు మీరిద్దరూ వచ్చి తిని పోతారని చెప్పి పంపిస్తినే, అని నెత్తి కొట్టుకున్నాడు. మేము మాట్లాడుకుంటాంటే కర్రోడు పలుపు తెంపుకుని గట్టు మీద పడినాడు. ఎన్ని దినాల ఆకలో! పచ్చాకు కడుపునిండా మేసినాడు. ఒక్క గడియకు కడుపు తప్పెట మాదిరి ఉబ్బిపోయింది. నా ఒళ్ళోనే పోయినాడమ్మా."

 తరువాత ఎర్రన్న తలెత్తాడు. "సొప్ప అని ఎవరు చెప్పినారు?"

పొయ్యికాడ తిప్పమ్మ చేతిలోని తెడ్డు ఆగింది.

"ఉసేను," అంది రామాంజినమ్మ.

ఎర్రన్న లేచి గోడవతలికి పోయాడు. కేకలకు ఊరు కూడింది. "నేను సొప్పు అనే అన్నాను కదప్పా! మీ పెండ్లామోళ్ళ మాట అది, మీ ఇంట్లో అందరికీ తెలుసు కదా!" అని హుస్సేన్ బాషా అరిచాడు. "మాయమ్మ అబద్ధం చెప్తాందా?" అన్నాడు ఎర్రన్న. రెండు ఎద్దులు పోయిన మనిషిని చూసి ఊరు ఎర్రన్న దిక్కే మాట్లాడింది. ఊరూరు తిరిగేవాడివి, ఒక మాట సరిగా మోసుకురాలేవా అన్నారు. ఆ తరువాత ఎవరింట్లోనూ అతన్ని పరుపుకు పిలవలేదు. దూది ఏకించుకునే స్తోమత ఆ ఏడు ఎవరికీ లేదు నిజమే. కానీ పిలవకపోవడానికి ఒక కారణం కూడా దొరికింది.

రెండు రోజుల తరువాత హుస్సేన్ బాషా రామాంజినమ్మ వాకిటికి వచ్చాడు. విల్లు లేకుండా వచ్చాడు. విల్లు లేని అతని భుజం వంగినట్లు కనబడింది. కొట్లాటకు రాలేదు. గోడ దగ్గర చతికిలబడి నేలకేసి చూస్తూ అడిగాడు.

"అక్కా, ఒక మాట నిజం చెప్పు. ఆపొద్దు నేను ఏమన్నాను? సొప్పు అన్నానా, సొప్ప అన్నానా? సొప్పు అన్నాననే నా జ్ఞాపకం. కానీ అందరూ అంటాంటే నాకే అనుమానం పట్టుకునింది. ఎండలో పడి వచ్చినా. నోరు గిన జారిందేమో. వినింది నువ్వొక్కదానివే."

తిప్పమ్మ ఇంట్లోనే ఉంది. తలుపు చాటున గాజుల చప్పుడు వినబడి ఆగింది.

రామాంజినమ్మ నిజం చెబితే ఏమవుతుంది? ఎద్దులను చంపింది కన్నతల్లి అని కొడుక్కు తెలుస్తుంది. వాడు ఎట్లాగూ డ్యాముకు పోతానంటున్నాడు. ఇది కూడా తెలిస్తే ఇంక తిరిగి చూస్తాడా? 

"సొప్ప అన్నావప్పా," అంది.

హుస్సేన్ బాషా తల ఊపాడు. రెండు మూడుసార్లు ఊపాడు. "అయితే నాదే తప్పు. ఎద్దుల ఉసురు నాకే తగుల్తాది," అని లేచి వెళ్ళిపోయాడు. ఆమెను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నాలుగో రోజు ఎర్రన్న హోస్పేటకు మూట కట్టాడు. పెళ్ళాన్ని పుట్టింటికి పొమ్మన్నాడు. ఇద్దరూ ఒకే బస్సుకు బత్తలపల్లె రోడ్డుకు నడిచారు. రామాంజినమ్మ వెనకాల నడిచింది. మూడు మైళ్ళ దూరం. ప్రతి మైలుకూ ఆమె నోరు తెరిచింది, ప్రతి మైలుకూ మూసింది. రోడ్డు పక్కన వేపచెట్టు నీడలో ఎర్రన్న బస్సు కోసం కొంచెం ముందుకు పోయినప్పుడు, తిప్పమ్మ అత్త పక్కనే నిలబడింది. చాలాసేపు నిలబడింది. ఏదో వినడానికి నిలబడిన మనిషిలా తల కొంచెం ఒక పక్కకు వంచి నిలబడింది.

బస్సు దుమ్ము కనబడ్డాక అంది. "తుమ్మికూర మొదటి నీళ్ళు వంచేయండత్తా. ఒక్కరికే కదా అని అట్లే తినద్దండి. కడుపులో తిప్పుతాది."

అంతే అన్నది. ఎర్రన్న పోయొస్తా అన్నాడు. ఆ పొద్దు కూడా మరిచిపోలేదు.

హుస్సేన్ బాషా పెళ్ళాం రంజాన్ బీ ఆ నెలలోనే వచ్చింది, అరువు తీసుకున్న చేట తిరిగి ఇవ్వడానికి. "గుంతకల్లుకు పోతాండామక్కా. మా ఆయన నోరు మంచిది కాదంట కదా. ఇంక మీ ఊరి మాటలు మీరే మోసుకోండి." చేట గోడకానించి పోయింది. పోయొస్తానని ఆమెతో అనిపించే ధైర్యం రామాంజినమ్మకు లేకపోయింది.

మరుసటి ఏడు వానలొచ్చాయి. రామాంజినమ్మ చేనును సగం పంటకు కోరుకు ఇచ్చింది. డ్యాము పని అయిపోయాక కొడుకు బళ్ళారి దగ్గర కాలవ కింద ఇంత మడి కౌలుకు తీసుకున్నాడని, కోడలిని అక్కడికే పిలిపించుకున్నాడని కార్డు వచ్చింది. బడి అయ్యవారు చదివి చెప్పాడు. ఆడపిల్ల పుట్టిందని ఇంకో కార్డు. అమ్మా నువ్వు గూడా రా అని ఏ కార్డులోనూ లేదు. ఇంకోసారి చదవండి సామీ అనేది ఆమె. అయ్యవారు మళ్ళీ చదివినా అందులో ఆ మాట ఉండేది కాదు.

పన్నెండేళ్ళు ఆమె ఒంటరిగా వండుకుంది. తుమ్మికూర మొదటి నీళ్ళు వంచేది. ఒక్కోనాడు వంచేది కాదు.

అరవై నాలుగులో గుంతకల్లు నుంచి ఎవరో వస్తే హుస్సేన్ బాషా పోయాడని తెలిసింది. చివర్లో మతి సరిగా లేదంట. ఎవరు ఏం చెప్పి పంపించినా, నాకు వద్దప్పా, నా నోరు జారుతాది, కాగితం మీద రాసియ్యండి అనేవాడంట. రామాంజినమ్మ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. మూడోనాడు గొళ్ళెం పెట్టి బళ్ళారికి బస్సెక్కింది. ఎవరూ పిలవలేదు. ఇంక పిలుస్తారని చూసే ఓపిక ఆమెకు లేదు.

కాలవ గట్టుకు దగ్గరగా మట్టిమిద్దె. ముందర మడి పచ్చగా ఉంది. తిప్పమ్మ గుమ్మంలో చూసి, చెంబుతో నీళ్ళిచ్చి, "రండత్తా," అంది. కొంచెం ఒళ్ళు చేసింది. జుట్టులో ఒకటి రెండు తెల్లవెంట్రుకలు. ఎర్రన్న మడికి నీళ్ళు కట్టడానికి పోయాడంట, ఇంకో గడియకు వస్తాడంట. ఏడేళ్ళ మారెక్క పలక పట్టుకుని అవ్వను తలుపు చాటునుంచి చూసింది.

వరిబువ్వ, కూర పెట్టింది తిప్పమ్మ. తుమ్మికూరే. నీళ్ళకు కరువులేని ఊర్లో కూడా ఆ కూర వండుతున్నారు. మారెక్క పక్కన కూర్చుని కంచం చాచింది.

"అమ్మా, ఇంకొంచెం సొప్పు పెట్టు."

"అవ్వ ముందర ఆకు అనాల," అంది తిప్పమ్మ. కోపంగా అనలేదు, కాళ్ళు కడుక్కోమని చెప్పినట్లు అంది. "చెప్పినా కదా."

"ఆకు పెట్టు," అంది పిల్ల బుద్ధిగా.

రామాంజినమ్మ చేతిలోని ముద్ద కంచంలోకి జారింది. పిల్ల తిని పలక తీసుకుని బయటికి పోయేదాకా ఆగింది. ఆగి, గొంతు సవరించుకుని, పన్నెండేళ్ళుగా మోసిందాన్ని కింద పెట్టింది.

"ఉసేను ఆపొద్దు సొప్పు అనే అన్నాడు మే. నేను సరిగానే విన్నా."

తిప్పమ్మ సట్టి కడుగుతూనే ఉంది. "తెలుసు అత్తా."

"ఎప్పుడు తెలిసింది?"

"మీరు నన్ను కసిరినప్పుడే. మాట మార్చే మనిషి కాదు ఉసేనన్న."

"మరి ఎర్రన్నకు చెప్పలేదా?"

"నేను చెప్తే మీ మీద చాడీ అయ్యేది. మీరే చెప్తారని చూసినా. బస్సు వచ్చేదాకా చూసినా." సట్టి బోర్లించింది. "ఉసేనన్నకు చెప్పినారా?"

"పోయినాడు."

తిప్పమ్మ చేతులు ఆగాయి. అప్పుడు మొదటిసారి అత్త మొహంలోకి నేరుగా చూసింది. "ఆయనకు చెప్పాల్సిందాన్ని నాకు తెచ్చిస్తారేమత్తా? నాకొద్దు. మిగిలింది మీ కొడుకు. ఆయనకైనా చెప్పుకోండి."

అంతలో ఎర్రన్న వచ్చాడు. కాళ్ళ మీద బురద. తల్లిని చూసి తలుపు దగ్గర ఒక క్షణం ఆగాడు. "ఎప్పుడొచ్చినావు?" అన్నాడు. "ఇప్పుడే నాయనా," అంది. అతను కాళ్ళు కడుక్కుని కంచం ముందర కూర్చున్నాడు. తిప్పమ్మ బువ్వ పెట్టింది. గరిటె సట్టిలో ముంచి, అట్లాగే పట్టుకుని నిలబడింది.

"ఏం కూర?" అన్నాడు.

తిప్పమ్మ పలకలేదు. గరిటె కదలలేదు. రామాంజినమ్మకు కోడలి మౌనం అర్థమైంది. బస్సు దుమ్ము కనబడేదాకా వేపచెట్టు కింద నిలబడిన మౌనమే ఇది. ఇంకో పన్నెండేళ్ళు తనకు లేవు.

"సొప్పు నాయనా," అంది.

కొమ్ము స్పష్టంగా పలికింది. తండ్రి వెంట వచ్చి గడపమీద కూర్చున్న మారెక్క కూడా తలెత్తి చూసింది.

ఎర్రన్న చెయ్యి కంచం మీదే ఆగిపోయింది. "నీకు ఆ మాట వచ్చునా అమ్మా?"

"వచ్చు."

"ఎప్పట్నుంచి?"

"ఇది కాపురానికొచ్చిన మూడోనాటి నుంచి. ఆపొద్దు ఉసేను అనింది గూడా ఇదే."

ఎర్రన్న చాలాసేపు కంచంలోకి చూశాడు. అతని మొహంలో కర్రోడు, బూదోడు, గోడవతల అరిచిన అరుపులు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చిపోవడం ఆమెకు కనబడింది. అతను అరవలేదు. కూర కలుపుకుని తినడం మొదలుపెట్టాడు. చివరి మెతుకు దాకా తిన్నాడు. చెయ్యి కడుక్కుని మడికి పోయాడు. పొద్దుగూకినాక వచ్చి, బయట అరుగు మీద పడుకున్నాడు.

తెల్లారి బస్సు దాకా తల్లి మూట అతనే మోశాడు.  ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి, మూట ఒళ్ళో పెట్టి, కిందికి దిగాడు.

"పోయొస్తా నాయనా," అంది రామాంజినమ్మ.

ఎర్రన్న తల ఊపాడు. "పో అమ్మా," అన్నాడు.

పోయిరా అంటాడని, రా అనే ఆ ఒక్క అక్షరం ఇంకా వెనకాల వస్తుందని, బస్సు కదిలి మలుపు తిరిగేదాకా ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూనే ఉంది.